కుంచం అడుగున పిడికెడు

రాయడం నాకు ఇదే మొదలు. ఒకరు రాసిన కాగితం ఎదురుగా పెట్టుకుని సీసపు అక్షరాలు పేర్చడం తప్ప, నా మాట నేను కాగితం మీద పెట్టడం ఎరగను. ఐదో తరగతి ఎలాగో గట్టెక్కాక బడి వైపు వెళ్ళలేదు. ఎక్కడన్నా వాక్యం కుంటితే ఓపిక పట్టండి. కంప్యూటర్ల ముందు కూర్చుని పేజీలు చేసే పిల్లలు మీరు. మీకు నేను చేసిన ఒక తప్పు గురించి చెబుదామని మొదలుపెట్టాను. అది అచ్చుతప్పు కాదు. అచ్చు సరిగ్గానే ఉంది.

చోడవరంలో మా ప్రెస్సు ఒక పెంకుటింటి ముందు గది. వెనక గదుల్లో మేష్టారి కాపురం. హైస్కూల్లో సైన్సు చెప్పి రిటైరైన మనిషి ఆయన. ప్రెస్సూ ఆయనదే, పత్రికా ఆయనదే. శుభలేఖలు, సినిమా నోటీసులు వేసుకుంటూ నెలకోసారి పదహారు పేజీల పత్రిక తెచ్చేవారు. అందులో కథలుండవు, రాజకీయం ఉండదు. అంతా కొలతల శాస్త్రమే. గజానికీ మీటరుకీ తేడా ఎంత, ధర్మామీటరులో పాదరసమే ఎందుకు పోస్తారు, త్రాసు ముల్లు ఎందుకు వణుకుతుంది, ఇలాంటివి. మొదటి పేజీ పైన ప్రతి నెలా ఒకటే లైను ఉండేది. "చూడకుండా రాసినది కొలత కాదు" అని. ఆ లైను అక్షరాలు నేను ఎప్పుడూ విప్పేవాణ్ణి కాదు. దారం కట్టి అలాగే పక్కన పెట్టేవాణ్ణి, పై నెలకి మళ్ళీ కావాలి కదా.

నేను కంపోజిటరుని. ట్రెడిల్ తొక్కడానికి ఇంకొకాయన ఉండేవాడు. నాకంటే పదేళ్ళు పెద్ద. మావా అని పిలిచేవాణ్ణి. ప్రెస్సు మొత్తానికి మేం ముగ్గురమే.

"ఈ పత్రిక ఎవడు సదువుతాడ్రా?" అనేవాడు మావ, కాలితో మిషను తొక్కుతూ.

"మేష్టారు సదువుతారు. నాను సదువుతాను."

"నువ్వు సీసం అచ్చరాల్ని తిరగేసి సదువుతావు. ఆ లెక్కన ఒకరున్నర."

కొత్త పైసలు వచ్చిన మరుసటి ఏడాది అది. తర్వాత కిలోలు వస్తాయి, లీటర్లు వస్తాయి అని అందరూ అనుకుంటున్నారు. మేష్టారికి ఒక ఆలోచన వచ్చింది. మన చుట్టుపక్కల ప్రతి ఊళ్ళోనూ ధాన్యం కొలిచే కుంచం ఒకటుంటుంది. ఇనుప కుంచం, మీద పాతకాలపు సర్కారు ముద్ర. ఏ ఊరి కుంచంలో నిజంగా ఎంత పడుతుందో లీటర్లలో కొలిచి, పట్టిక వేసి, నెలనెలా అచ్చు వేయాలని. పాత కొలత పోయేలోగా దాన్ని కొత్త కొలతలో రాసిపెట్టాలని ఆయన పట్టుదల. విశాఖపట్నంలో ఒక ఆఫీసుకి నాలుగుసార్లు తిరిగి, ముద్ర వేసిన ఇత్తడి లీటరు పాత్ర ఒకటి, గీతలున్న గాజు గొట్టం ఒకటి అరువు తెచ్చారు. ఆ లీటరుని ఆయన చంటిపిల్లలా చూసుకునేవారు. వాడే ముందు, వాడిన తర్వాత, మెత్తటి పాత పంచె ముక్కతో లోపలంతా తుడిచేవారు. ఒక్క నలుసు ఉండకూడదు.

ఆదివారాలు, పని లేని పూటలు సైకిలు మీద బయలుదేరేవాళ్ళం. తొక్కేది నేను, వెనక మేష్టారు, ఆయన ఒళ్ళో లీటరు. రావికమతం వైపు కొన్ని ఊళ్ళు, కోటపాడు వైపు కొన్ని. చెరుకు తోటల మధ్య బండిదారుల్లో పడుతూ లేస్తూ పోయేవాళ్ళం. బెల్లం వండే రోజులైతే ఆ పాకం వాసన దారంతా వెంట వచ్చేది. ఇది రాస్తుంటే నా ముక్కుకి మళ్ళీ తగులుతోంది. ఇప్పుడు ఆ దారుల్లో బస్సులో పోయినా, కిటికీ తీసినా అలా తగలదు.

పని ఎలా చేసేవాళ్ళమో కొంచెం చెప్పాలి, తప్పు అక్కడే ఉంది కనక. ఆ ఊరి కొలతగాడు తన కుంచం నిండా ధాన్యం పోసి, పైన కర్రతో సమంగా గీసేవాడు. దాన్ని దుప్పటి మీద కుమ్మరించేవాడు. దుప్పటి మీది ధాన్యాన్ని మేష్టారు లీటరుతో కొలిచి, లీటరుకి తక్కువ మిగిలినది గాజు గొట్టంలో పోసి, కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకుని గీత చూసేవారు. నేను ఫారం నింపేవాణ్ణి. ఆ ఫారం నేనే కంపోజు చేసింది. ఊరి పేరు, కుంచం మీది ముద్ర, పడ్డ సొట్టలు, అన్నిటికీ గళ్ళున్నాయి. నాలుగో గడి: "పాత్ర పూర్తిగా ఖాళీ చేయబడినదా?" నేను "అవును" అని రాసేవాణ్ణి.

వింతేమిటంటే, ఏ ఊరు వెళ్ళినా కుంచం తక్కువే వచ్చేది. ముద్ర ప్రకారం పడవలసినదాని కంటే గిద్ద తక్కువ, గిద్దన్నర తక్కువ. గిద్దంటే సోలలో నాలుగో వంతు. మేష్టారు తల పట్టుకునేవారు.

"ఇనుము అరిగితే లోపల చోటు పెరగాలి గానీ తగ్గదు కదోయ్! సొట్టలవల్ల అంటావా?"

"సొట్టలే అయ్యుంటాయండి," అనేవాణ్ణి నేను, ఏదో తెలిసినట్టు.

చివరికి సొట్టల మీద ఆయన రెండు పేజీల వ్యాసం రాశారు. నేను కంపోజు చేశాను. బాగుందని కూడా అనుకున్నాను.

అలా ఏడాది గడిచింది. పట్టికలు మొదలయ్యాక పన్నెండో సంచికకి మేష్టారు "మా ఏడాది ప్రగతి" అని రాశారు. ఎన్ని ఊళ్ళు తిరిగాం, ఎన్ని పట్టికలు వేశాం అన్నీ. ఆ సంచిక చూసి విశాఖపట్నం ఆఫీసువాళ్ళు లీటరుని మరో ఏడాది మా దగ్గర ఉంచుతారని, అచ్చుకి కాగితం కూడా ఇస్తారని ఆయన ఆశ. కంపోజు చేస్తూ చేస్తూ చివరి పేరా దగ్గర నా చెయ్యి ఆగిపోయింది. అక్కడ ఇలా ఉంది: "ఈ కొలతలన్నియు తప్పు లేకుండ రాసినవాడు మా కంపోజిటరు. అయిదవ తరగతి మాత్రమే చదివినవాడు."

నా గురించి అచ్చులో రెండు వాక్యాలు. వాటిని నా చేతులతోనే పేర్చాను. అక్షరాల గళ్ళున్న కేసులోంచి ఒక్కోటీ తీసి రెండేసిసార్లు చూసుకున్నాను. మావ వెనకనుంచి వంగి చూసి, "ఒరే, నీ పెళ్ళి శుభలేక్కి కూడా ఇంత టైం తీసుకోలేదు గదరా!" అన్నాడు.

ఆ పేజీ ఇంకా మిషను ఎక్కకముందే తాత వచ్చాడు.

కోటపాడు వైపు ఒక ఊరి కొలతగాడు ఆయన. రెండు నెలల కిందట ఆ ఊరు వెళ్ళి కొలిచాం, కిందటి నెల పట్టికలో వేశాం. అన్నిటికంటే తక్కువ వచ్చిన కుంచం ఆయనదే. రెండు గిద్దలకి పైగా తక్కువ. మనిషి పొడగరి, చేతులు చేటలంత ఉంటాయి. తెల్లవారకముందు బయలుదేరి నడిచి వచ్చినట్టున్నాడు, మోకాళ్ళదాకా దుమ్ము. భుజం మీద తువ్వాలు చుట్టి కుంచం. తలపాగా మడతలోంచి మా పత్రిక కాగితం తీసి బల్ల మీద పరిచాడు. ఆయనకి చదువు రాదు. ఎవరో ఆ లైను కింద బొగ్గుతో గీత గీసి ఇచ్చారు.

"బాబూ, ఇందల నా కుంచం తక్కువని ఉన్నాదంట. నిజవేనా?"

మేష్టారు కుర్చీ చూపించారు. తాత కూర్చోలేదు.

"కోపం తెచ్చుకోకు. మేం మనిషిని చూసి రాయలేదు. కొలిచిందే రాశాం."

"కోపం కాదు బాబూ. ఈయేడు కల్లంలోకి రావొద్దన్నారు. పక్కూరోడిని పిలిసేరు. మా నాన్న కాడ్నించి మా ఊరి గింజ మేవే కొలిసేం. కల్లంలో లాభం అని మొదటి మాట మా ఇంటోళ్ళ నోటే రావాల. ఇప్పుడు పిల్లలు కూడా, అదిగో గిద్దలు దాసే తాత అంతన్నారు. లచ్చివారం కల్లం. ఆ యేలకి నా పేరు నాకు ఇచ్చీండి. ఇంకేటీ వొద్దు."

తెలియని వాళ్ళకి ఒక మాట. మా వైపు ధాన్యం కొలిచేటప్పుడు మొదటి కుంచాన్ని ఒకటి అనరు. లాభం అంటారు. లాభం, రెండు, మూడు, అలా సాగుతుంది.

"సరే, మళ్ళీ కొలుద్దాం. నీ ఎదురుగానే. ఈసారి నీళ్ళతో," అన్నారు మేష్టారు.

తాత కుంచంలోంచి ఏదో తీసి తువ్వాలు కొంగున మూట కట్టుకున్నాడు. నేను సరిగా చూడలేదు. కుంచం నిండా నీళ్ళు పోశాం. ఆ నీళ్ళు లీటరుతో కొలిచాం. మిగిలినవి గాజు గొట్టంలో పోశాం. మేష్టారు కళ్ళజోడు పైకి తోసుకుని వంగారు. చాలాసేపు వంగే ఉన్నారు.

"చుక్క తక్కువ లేదోయ్," అన్నారు.

మళ్ళీ కొలిచాం. మూడోసారీ కొలిచాం. ముద్ర ప్రకారం ఎంత పడాలో అంతే పడింది.

తాత కుంచం తీసుకుని తువ్వాలుతో తుడిచాడు. తుడిచి, కొంగు మూట విప్పి, పిడికెడు ధాన్యం మళ్ళీ అడుగున పోశాడు. ఆయన పిడికెడంటే మామూలు పిడికెడు కాదు.

"అదేమిటి?" అన్నారు మేష్టారు.

"కుంచం ఖాళీగా మొయ్యకూడదు కద బాబూ."

ఆ మాటతో నాకు ఫారంలో నాలుగో గడి గుర్తొచ్చింది. ఆ ఊళ్ళో ఈయన దుప్పటి మీద కుమ్మరించి కుంచం కింద పెట్టినప్పుడు అడుగున గింజలున్నాయి. నేను చూశాను. ప్రతి ఊళ్ళోనూ ఉన్నాయి, ప్రతి ఊళ్ళోనూ చూశాను. మా అమ్మ బియ్యం కొలిచాక సోల అడుగున కాసిని గింజలు ఉంచే పక్కన పెడుతుంది. నాకు బుద్ధి తెలిసినప్పటినుంచీ ఖాళీ సోల చూడలేదు. కల్లంలో వంద కుంచాలు కొలిస్తే వందా పూర్తిగా కుమ్మరిస్తారు, ఆఖరి దాంట్లోనే పిడికెడు ఉంచుతారు. అది ఎవరికీ లెక్కలోకి రాదు. మేం కొలిచింది ఊరికి ఒక్కటే కుంచం. మొదటిదీ అదే, ఆఖరిదీ అదే.

"మేష్టారండీ," అన్నాను. "నాలుగో గడిలో నాను రాసింది తప్పండి."

ఆయనకి వెంటనే అర్థం కాలేదు. చెప్పాను. అడుగున గింజలుండగానే అవును అని రాశానని.

"ఎన్ని ఊళ్ళకి అవును అని రాశావు?"

"అన్నిటికీ అండి."

"చూసి రాశావా, చూడకుండా రాశావా?"

"చూసే రాసేనండి. నా కంటికి అది ఖాళీయే."

ఆయన లోపలికి తిరిగి గట్టిగా కేకేశారు. "ఏమేవ్! మన బియ్యం డబ్బాలో సోల ఉంటుందే, అది ఇప్పుడు ఖాళీగా ఉందా?"

లోపలనుంచి అమ్మగారు, "అయ్యో, ఖాళీగా ఎందుకుంటుందండీ! ఏ కొంపలోనైనా ఉంటుందా? అదేం మాట, పొద్దున్నే!" అన్నారు.

మేష్టారు కూర్చుండిపోయారు. నలభై ఏళ్ళ కాపురంలో ఆయన ఆ డబ్బాలోకి తొంగి చూసి ఉండరు. మావ ట్రెడిల్ ఆపేసి కిటికీలోంచి వీధిలోకి చూస్తున్నాడు. నవ్వాపుకుంటున్నాడని అతని భుజాలు చూస్తే తెలుస్తోంది.

"ప్రగతి పేజీ విప్పెయ్," అన్నారు మేష్టారు, నా వైపు చూడకుండా. "పట్టికలన్నీ తప్పని వేద్దాం. ఎందుకు తప్పాయో కూడా వేద్దాం."

"ఆఫీసోళ్ళు లీటరు ఎనక్కి అడిగీస్తారేమోనండి," అన్నాడు మావ.

"అడగనీ. ముందు ఆయన పేరు ఆయనకి ఇచ్చేయాలి."

నేను కేసు ముందు నిలబడి ఆ పేజీ విప్పాను. చివరి పేరా చివరిదాకా ఉంచుకున్నాను. ఒక్క ప్రూఫు తీసి దాచుకుందామా అనిపించింది. సిరా పూసి, కాగితం వేసి, చేత్తో ఒత్తితే చాలు. మావ కూడా కనిపెట్టాడు. "తీసుకోరా, ఎవుడు సూడొచ్చేడు?" అన్నాడు నెమ్మదిగా. తీసుకోలేదు. "తప్పు లేకుండ" అన్న మాటలో అక్షరాలు ఒక్కొక్కటీ ఏ గడిది ఆ గడిలో పడేశాను. టక్కుటక్కుమని చప్పుడు. ఇన్నేళ్ళయినా అప్పుడప్పుడూ అనిపిస్తుంది, ఆ ఒక్క కాగితం ఉంటే బాగుండేదని.

సవరణ ముందుగా ఒక విడి కాగితంగా వేశాం. తెల్లకాగితం అయిపోయింది. శుభలేఖలకి తెచ్చిన గులాబీ రంగు కాగితం ఉంటే దాని మీదే కొట్టాడు మావ. లక్ష్మివారం, అంటే గురువారం, పొద్దున్నే నేనూ మేష్టారూ సైకిలు మీద ఆ ఊరు చేరాం.

కల్లంలో ధాన్యం రాశి పోసి ఉంది. పక్క ఊరి కొలతగాడు అప్పటికే వచ్చి కూర్చున్నాడు. తాత దూరంగా గడ్డిమేటు పక్కన నిలబడి ఉన్నాడు, కుంచం భుజాన పెట్టుకునే. ఊరి పెద్దాయన గులాబీ కాగితం అందుకుని, చదివించుకుని, మమ్మల్ని ఎగాదిగా చూశాడు.

"మేష్టారూ, ఏటనుకోకండి. కిందటి నెల అచ్చేసిందీ మీరే. ఇప్పుడది తప్పని అచ్చేసిందీ మీరే. ఆ అచ్చు అబద్దవైతే ఈ అచ్చు నిజవని మాకేటి నమ్మకం?"

అందరూ నవ్వారు. మేష్టారు గులాబీ కాగితం అందుకుని మళ్ళీ మొదటినుంచి చదవబోయారు. అప్పుడు నేను ముందుకి వచ్చాను. నలుగురిలో మాట్లాడటం నాకు అదే మొదలు.

"తప్పు రాసింది మేష్టారు కాదండి, నాను. కుంచం అడుగున గింజలుంటే ఖాళీ అని రాసేను. నమ్మకపోతే ఒక్క పని సెయ్యండి. మీ ఇళ్ళల్లో సోల, తవ్వ ఏదుంటే అది ఉన్నదున్నట్టు తెప్పించండి."

పెద్దాయన భార్య అక్కడే ఉంది. ఎవర్నీ పంపకుండా తనే వెళ్ళి సోల తెచ్చింది. అడుగున బియ్యం. పక్కింటి ఆవిడ తవ్వ తెచ్చింది. అడుగున బియ్యం. మూడో ఆవిడ తేకుండానే, "మా ఇంట్లో ఉంటాయి, నాకు తెల్దేటి!" అంది. ఈసారి నవ్వు వేరేగా ఉంది.

"అయితే బోర్లించి కొలవమను," అన్నాడు పెద్దాయన.

"బోర్లించను," అన్నాడు తాత గడ్డిమేటు పక్కనుంచే. "పేరు పోతే పోనీయండి. కల్లంలో కుంచం బోర్లిస్తే ఊరికి మంచిది కాదు."

తాత నడిచి వచ్చి రాశి దగ్గర కూర్చున్నాడు. కుంచం నింపాడు, కర్రతో గీశాడు, దుప్పటి మీద కుమ్మరించాడు. ఎప్పటిలాగే పిడికెడు ఉంచాడు. మేష్టారు లీటరుతో కొలిచారు. మిగిలినది గాజు గొట్టంలో పోస్తే ముద్ర ప్రకారం రావలసిన గీతకి కిందే ఆగింది. తాత కుడిచెయ్యి కుంచంలో పెట్టి ఆ పిడికెడూ తీశాడు. అదే క్షణంలో ఎడమచేత్తో రాశిలోంచి వేరే గింజలు అందుకుని కుంచంలో వేశాడు. కుడిచేతి గింజలు గొట్టంలో వదిలాడు. అవి జారుతుంటే మట్టం పైకి వచ్చి సరిగ్గా గీత దగ్గర ఆగింది. పెద్దాయన వంగి చూశాడు. పక్క ఊరి కొలతగాడు కూడా వంగి చూసి, తన కుంచం తను తీసుకుని లేచాడు.

"ఎండెక్కిపోతన్నాది. కొలు తాతా, ఏటలా కూకున్నావు?" అన్నాడు పెద్దాయన.

తాత వెంటనే కొలవలేదు. తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. తర్వాత కుంచం రాశిలో దించి ఎత్తాడు.

"లా...భం."

అది మాటా కాదు, పాటా కాదు. అంత పెద్ద మనిషి గొంతులోంచి సన్నగా మొదలై కల్లం దాటి చెరుకు తోటల మీదుగా పోయింది. రెండు, మూడు అంటూ సాగిపోతుంటే మేం సైకిలు తీసుకుని బయలుదేరాం. ఊరు దాటేదాకా వినిపిస్తూనే ఉంది. మేష్టారు వెనక కూర్చుని ఒళ్ళో లీటరు పట్టుకున్నారు. దారిలో ఒక్కసారి, "చెల్లని ఏడాది కాదోయ్," అన్నారు. నాతో అన్నారో, లీటరుతో అన్నారో తెలియదు.

పన్నెండో సంచికలో ప్రగతి లేదు, సవరణే ఉంది. తర్వాతి ఏడాది కొన్ని ఊళ్ళు మళ్ళీ కొలిచాం, నీళ్ళతో. అన్నీ పూర్తి కాలేదు. విశాఖపట్నం నుంచి ఉత్తరం వచ్చింది, పాత్రలు తిప్పి పంపమని. మేష్టారి చూపు కూడా తగ్గింది, గీతలు కనబడటం లేదన్నారు. పత్రిక ఆగిపోయింది. నేను తర్వాత అనకాపల్లిలో ఒకచోట, ఇంకోచోట పనిచేశాను. పెద్ద మిషన్లు చూశాను. మేష్టారి వంటి మనిషిని మళ్ళీ చూడలేదు. తాత గొంతూ మళ్ళీ వినలేదు. కల్లాల్లోకి కాటాలు వచ్చేశాయి. కాటా ముల్లు దేన్నీ లాభం అనదు.

లీటరుని తిప్పి పంపిన రోజు ఒక్కటి చెప్పి ఆపుతాను. గాజు గొట్టాన్ని గడ్డి చుట్టి పెట్టెలో పెట్టాను. లీటరు పాత్ర మేష్టారు తనే లోపలనుంచి తెచ్చి నా చేతికిచ్చారు. అలవాటు కొద్దీ పంచె ముక్క తీసుకుని లోపల తుడవబోయాను. అడుగున ఏదో గలగలలాడింది. చూస్తే పిడికెడు బియ్యం.

"మేష్టారండీ, ఇందల..."

ఆయన చిరునామా రాస్తున్న కాగితం మీంచి తల ఎత్తలేదు.

"తెలుసోయ్. అంత దూరం ఖాళీగా ఎలా పంపుతాం? మూత పెట్టి కట్టెయ్."

మూత పెట్టి కట్టేశాను.